కాటాకు దొరకని మోపు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, దమ్మపేట అవతల అడవి అంచునున్న ఒక గూడెంలో కట్టెతో కరెంటు చేసే చిన్న ప్లాంటు పెట్టొచ్చా లేదా అని లెక్కగట్టే పని నా మీద పడింది. అడవిలో ఏటా ఎంత ఎండుకట్టె రాలుతుంది, పొయ్యిలకు ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది? ఆ మిగిలేదే ప్లాంటుకు మేత. నా కంప్యూటర్లోని మోడలంతా ఆ ఒక్క మిగులు మీదే నిలబడింది.

కాటా భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్లు తెచ్చిన మోపులన్నీ తూచాను. రాలే కట్టెలో పొయ్యిలకు పోయేది సగమే, మిగతా సగమంతా మిగులే. అబ్బో, ఎంత మురిసిపోయానో! రిపోర్టు కూడా పంపేశాను.

మండలాఫీసులో ప్లాంటు గురించి మీటింగు రేపనగా, సాయంత్రం గూడెంలో నాకు రోజూ టీ పోసే ఆమె ఇంటికి వెళ్లాను. చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి పోతే తడిక వెనక పుల్లల కుప్ప కనబడింది.

"ఇదేంటమ్మా, ఇది నేను తూచలేదు కదా?"

ఆమె నవ్వింది. "కాటా పట్టుకొని వస్తివి, అడివి గార్డు మనిషివనుకున్నం. ఎక్కువ తెస్తున్నమని రాసుకుంటే గొడ్డళ్లు గుంజుకపోతరు గదా. నువ్వొచ్చే ముందల్నే మోపుల సగం తీసి ఎనక దాసినం."

"అందరూనా?"

"అవ్, అందరం."

అంటే మిగులు లేనే లేదు. ప్లాంటు వస్తే అది మింగేది వీళ్ల పొయ్యిలో కట్టెనే. ఇన్నాళ్లూ వీళ్ల బెరుకు చూసి సిగ్గనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"రేపు మీటింగులో చెప్పాలమ్మా," అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "సెప్పు గానీ, దాసినమని మాత్రం అనకు బిడ్డా. గార్డు ఊకోడు."

మాటిచ్చాను. మర్నాడు మీటింగులో నా వంతు వచ్చింది. మోపు బరువు రాసినదానికి రెట్టింపు ఉంటుందని, ప్లాంటుకు కట్టె చాలదని చెప్పాను.

"మరి రిపోర్టుల గట్ల రాయలేదేంది మేడం?" అని పెద్దాఫీసరు అడిగాడు.

నా కాటా చెడిపోయిందని అబద్ధమాడాను. నాకే ఆశ్చర్యం, తడబడకుండా వచ్చిందా మాట. హమ్మయ్య అనుకుంటూ కూర్చోబోయాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని తలెత్తాడు. "గట్లయితే మంచి కాటా ఇచ్చి గార్డునే పంపుదాం. ఇంటింటికీ పోయి మళ్ల తూస్తడు."

వద్దనడానికి, బయటికి చెప్పదగ్గ కారణం నా దగ్గర ఒక్కటీ లేదు.