చాయ్ చల్లార్చే మనిషితో మంచుకొండకు

ఏ రాజ్యం ఎప్పుడు కూలిందో పండితులు గ్రంథాలకు గ్రంథాలు రాసిపెట్టారు గానీ, అంజి చాయ్ చల్లార్చుకునే పద్ధతి గురించి ఇంతవరకు ఒక్క శాసనమైనా వెలువడకపోవడం విచారకరం. అంజి వేడి చాయ్ తాగడు. రెండు గ్లాసులు పట్టుకుని, మూరెడు ఎత్తు నుంచి ఇందులోది అందులోకి, అందులోది ఇందులోకి పోస్తూనే ఉంటాడు. దుబాయ్ వచ్చి పదకొండేళ్లయినా, మూడు కంపెనీలు మారినా, కరోనాలో నలభై రోజులు గదిలోనే పడి ఉన్నా ఈ ఆచారానికి భంగం కలగలేదు.

దానికి బలైనవాడు అతని గదిలోనే ఉండే రాజలింగం.

రాజలింగం అల్ ఖూజ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు. మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలిలో కోడిమాంసం డబ్బాలు అరల్లోకి ఎక్కించాలి, దించాలి. బయట జనం ఎండకు మాడిపోతుంటే అతను మందపాటి కోటు, ఉన్నిటోపీ చంకన పెట్టుకుని డ్యూటీకి పోతాడు. జగిత్యాల దగ్గరి వాళ్ల ఊళ్లో ఈ మాట ఎవరూ నమ్మలేదు. ఆరో తరగతి చదివే కూతురు కల్పన నమ్మింది. నమ్మి ఊరుకోక బడిలో చెప్పింది. "ఎడారిల ఐస్ ఏందే?" అని తరగతంతా నవ్వింది. పనిచోటికి ఫోన్ తేనివ్వరు. కోటు తొడుక్కుని బయట దిగిన ఫోటో పంపితే, స్టూడియోలో దిగాడన్నారు.

"ఫోటోలు నడవయి బాపూ. లైవ్‌ల చూపియ్యాలె. ఐతారం అందరు మనింటికొస్తరు," అని కల్పన తీర్పు చెప్పేసింది.

అది 2023 జనవరి. జబల్ జైస్ కొండ మీద తెల్లవారేసరికి నీళ్లు గడ్డకడుతున్నాయనీ, పొద్దెక్కితే ఆ మంచు ఉండదనీ అంజి కబురు మోసుకొచ్చాడు. ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, బతిమాలి తెచ్చిన పికప్‌లో ఆదివారం వేకువన నాలుగింటికి దండయాత్ర బయలుదేరింది. షార్జా దాటగానే అంజి చాయ్ కోసం ఒక కెఫెటీరియా ముందు ఆగింది.

"యల్లా, నడువు అంజీ! ఐస్ కరుగుతదిరా!"

"నోరు కాల్తే నువ్వు ఊది పెడ్తవా అన్నా?"

ఉమ్ అల్ ఖువైన్‌లో మళ్లీ ఆగింది. రాస్ అల్ ఖైమాలో మూడోసారి. అక్కడ ఫ్లాస్కు కూడా నింపించాడు. కొండరోడ్డు అయిపోయి కాలినడక మొదలయ్యేసరికి ఎండ శిఖరాన్ని తాకింది. జారే రాళ్ల మీద రాజలింగం పళ్లు కొరుకుతూ ముందు ఎక్కుతుంటే, వెనక అంజి సంచిలో రెండు గ్లాసులు గుడిగంటల్లా మోగుతున్నాయి.

ఒక బండ చాటున, నీడలో, గుంటలో ఉంది మంచు. రొట్టెల పెనమంత వెడల్పు, అప్పడమంత మందం. భూగోళశాస్త్రం దాన్ని హిమానీనదమని ఒప్పుకోకపోవచ్చు. అంజి మాత్రం దాన్ని విజయవంతంగా దాటాడు, ఒక్క అంగలో.

"నేను సిగ్నల్ కోసం ఆ బండెక్కుత. నువ్వు దీన్ని ముట్టకు. ముట్టినవో, సంపుత!"

బండ మీద రెండు గీతల సిగ్నల్ దొరికింది. ఫోన్ నిండా పిల్లల మొహాలు.

"బాపూ, అందరొచ్చిన్రు!"

"సూడు బిడ్డా, ఎడారిల ఐస్!" అంటూ రాజలింగం ఫోన్‌ను కిందికి తిప్పాడు.

కింద అంజి గొంతుక్కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి అతని చేతులు ఖాళీగా ఉన్నాయి. గుంట నడుమ పొగలు కక్కుతూ చాయ్ గ్లాసు, దాని చుట్టూ నీళ్లు.

"ఏం జేసినవ్‌రా!"

"గిలాసల పోద్దామంటె గాలికి షర్టు మీద పడుతదన్నా. గందుకే ఐస్ మీద పెట్టిన. నేనైతె ముట్టలే. గిలాసే ముట్టింది."

"ఐస్ ఏది బాపూ? అవి నీళ్లు గదా?" అంది కల్పన. ఆమె వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. కల్పన నవ్వలేదు; ఫోన్ పెట్టేసింది.

అంజి గ్లాసు తీసి ఒక గుక్క తాగాడు.

చాయ్ ఇంకా వేడిగానే ఉంది.