నిషా లేని బీరుతో చిట్యాల దావత్‌కు

మా ఆయన తాగుడు మానేసి తొమ్మిది నెలలైంది. అంతకుముందు కూడా ఒకసారి మానేశాడు. అప్పుడు వాళ్ల అక్క ఊరు చిట్యాలలో దావత్‌కు వెళ్తే, చేతిలో కూల్‌డ్రింక్ గ్లాసు చూసి వాళ్ల బావ, "బామ్మర్దీ, గది పట్టుకొని పిల్లల బంతిల కూసో పో" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. ఈయన కూడా నవ్వి, నిజంగానే వెళ్లి పిల్లలతో కూర్చుని తిన్నాడు. ఇంటికి వచ్చిన వారంలోనే మళ్లీ తాగాడు. ఆ తర్వాత దవాఖాన, పచ్చకామెర్లు, మళ్లీ మానడం. ఇంకోసారి అట్లా జరిగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు కానీ, బయటికి అనుకోలేదు.

మా వైపు మగవాళ్లు కలిసి కూర్చుని తాగేటప్పుడు ఒక పద్ధతి ఉంది. మొదటి గుక్కకు ముందు గ్లాసులో వేలు ముంచి రెండు మూడు చుక్కలు నేల మీద చల్లుతారు. కల్లైనా బీరైనా అంతే. కూల్‌డ్రింక్‌కు మాత్రం ఎవరూ చల్లరు. చుక్కలు చల్లనివాడు పక్కనే కూర్చున్నా కూర్చున్న లెక్కలోకి రాడు. ఈసారి ఆ అక్క, అంటే మా వదిన, కొడుక్కి పుట్టువెంట్రుకలు. పిల్లవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాల్సింది మేనమామే కాబట్టి వెళ్లకుండా ఉండడం కుదరదు. ముందురోజు సాయంత్రమే చుట్టాలంతా చేరతారు. ఆ సాయంత్రం ఆయన చేతిలో ఏ గ్లాసు ఉండాలి అన్నదానికోసమే ఈ ప్రయాణం ఇంత చుట్టు తిరిగింది.

పెళ్లికి ముందు ఆయన హైదరాబాద్‌లో ఒక హోటల్ బార్ కౌంటర్‌లో పనిచేశాడు. అక్కడ మెక్సికో పద్ధతిలో బీరు కలిపేవాడు. దాన్ని మిచెలాడా అంటారట. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది, ఉప్పూ కారం కలిపిన పళ్లెంలో బోర్లించి తీస్తారు. లోపల ఐసు, నిమ్మరసం, టమాటా రసం, పుల్లటి సాసు వేసి, చివర బీరు పోస్తారు. టమాటా లేకుండా ఉత్త నిమ్మరసం, ఉప్పుతో చేస్తే చెలాడా. అదే గ్లాసు నిషా లేని బీరుతో చేస్తే ఎర్రగా, నురగతో, కారంగా ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ పిల్లల బంతికి పంపలేరు అని ఆయన ఆలోచన. డాక్టరును అడిగితే, ఇది అందరికీ పడదు, పాత అలవాటును లాగుతున్నట్టు అనిపిస్తే గ్లాసు అక్కడే దించేయమన్నాడు. దావత్‌లో ఒక్క గ్లాసు తాగుతాను కానీ, ముందుగా నాలుగు రకాలు రుచి చూసి ఎంచడం తన వల్ల కాదన్నాడు ఆయన. ఆ పని నాకు వచ్చింది. నేను బీరు ఎప్పుడూ తాగలేదు.

జనగామలో ఒక సూపర్ మార్కెట్‌లో నిషా లేనివి నాలుగు రకాలు దొరికాయి. యాపిల్ వాసనది, నిమ్మ వాసనది, గోధుమ బీరు, పల్చటి లేత పసుపు బీరు. రకాన్ని బట్టి టిన్ను యాభై నుంచి వంద రూపాయల దాకా ఉంది. కౌంటర్ దగ్గర నాకు సిగ్గేసి టిన్నుల మీద కరివేపాకు కట్ట పెట్టాను. ఆ అమ్మాయి కట్ట తీసి పక్కన పెట్టి లెక్క కొట్టింది. ఇంటికి వెళ్లి యాపిల్‌ది ఒకటి తాగి చూస్తే చాలా బాగుంది. ఇదే మంచిదని తేల్చేసి అవే ఇంకో ఆరు తెచ్చిపెట్టాను.

మర్నాడు ఉదయం ఏడింటికి జనగామ బస్టాండులో పాలకుర్తి మీదుగా తొర్రూరు వెళ్లే బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు ఉండవు, ఆయనకు మాత్రం కట్టాం. కాళ్ల దగ్గర థర్మాకోల్ డబ్బా. చేపలా అని కండక్టర్ అడిగితే, మా ఆయన కూల్‌డ్రింకులు అన్నాడు. తొర్రూరులో బస్సు మారి నెల్లికుదురు చేరేసరికి పదవుతోంది. అక్కడ మా అమ్మగారిల్లు. మిరపకాయ ఏరే రోజులు కావడంతో వాకిలంతా ఎర్రగా ఎండబోసి ఉంది. కారం అక్కడే దంచి తీసుకెళ్లాలని, టమాటాలు ఉడికించి వడకట్టాలని ముందే అనుకున్నాం. హోటల్లో వేసే సాసుకు బదులు చింతపండు పులుసులో కొంచెం సోయా సాసు కలిపాను.

మా ఆయన వాసన కూడా తగలవద్దని బయట అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. నేను లోపల స్టీలు గ్లాసుకు ఉప్పూ కారం అద్ది, యాపిల్ బీరుతో కలిపి అమ్మకు ఇచ్చాను. అమ్మ చిన్నప్పటి నుంచి కల్లు తాగిన మనిషి. ఒక గుక్క తాగి గ్లాసులోకి చూసింది.

"గిదేంది బిడ్డా, చక్కెర పాకంల పచ్చిపులుసు పోసినట్టున్నది."

"ఉత్తగ తాగితే మంచిగున్నదే" అన్నాను.

"ఉత్తగ మంచిగనే ఉంటది. ఉప్పు, కారం పడంగ ఆగాలె గద. గిది పోస్తే మీ అన్న అల్లున్ని మళ్ల పిల్లల బంతికే తోలుతడు."

ఆడబిడ్డ భర్త కాబట్టి ఆ బావను నేను అన్న అని పిలుస్తాను. అమ్మ చెప్పింది నిజమే. నేను తాగి చూస్తే తీపి ఒకవైపు, కారం ఒకవైపు విడిపోయి ఉన్నాయి. నిమ్మ వాసనది కూడా తీపే. గోధుమ బీరులో అరటిపండు వాసన ఉంది, టమాటాతో కలిస్తే గంజిలా బరువైంది. లేత పసుపుది మాత్రం ఉత్తగా తాగినప్పుడు నాకు చప్పగా, చేదుగా తోచింది కానీ, కలిపాక ఆ చేదే ఉప్పుకూ పులుపుకూ సరిపోయింది. గ్యాసు కూడా చాలాసేపు నిలిచింది. అమ్మ గ్లాసు మొత్తం ఖాళీ చేసి, "గిది గొంతుల గుచ్చుతున్నది. గిదే పట్టుకపోండ్రి" అంది. నా దగ్గర ఆ రకం ఒక్కటే ఉంది, దాన్నీ తెరిచేశాం. మిగిలిన యాపిల్ డబ్బాలు అమ్మ దగ్గరే వదిలేశాం.

భోజనం చేసి మహబూబాబాద్ బస్సు ఎక్కాం. అక్కడ దిగాక ఊళ్లో మొదటి దుకాణంలో అట్లాంటి లేత పసుపు టిన్నే ఫ్రిజ్‌లో ఉంది. నేను తీసుకుని చేతిలో పెట్టాను. మా ఆయన తిప్పి చూసి, కింద చిన్న అక్షరాల దగ్గర 0.5 అని ఉంటే చూపించాడు. నాకు ఇంగ్లీషు రాదు కానీ అంకెలు వచ్చు. దుకాణం అతను, "అర శాతం మందే గదన్నా, గది ఏమైతది" అన్నాడు. మా ఆయన టిన్నును ఫ్రిజ్ మీద పెట్టి కొంచెంసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేను కొంగు సర్దుకుంటూ గడప దగ్గరే ఉన్నాను. ఆయన దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేసి, వెళ్దాం అన్నాడు. స్టేషన్ దారిలో ఇంకో దుకాణంలో 0.0 ఉన్నవి దొరికాయి, ఆరు తీసుకున్నాం. అక్కడి నుంచి వరంగల్‌కు రైలులో గంటకు పైగా పట్టింది. హన్మకొండ నుంచి పరకాల, పరకాల నుంచి చిట్యాల బస్సు. ఐసు డబ్బా లేకపోతే రెండు బస్సుల్లోనూ కూర్చునే చోటు సులువుగానే దొరికేది.

సాయంత్రం మేం చేరేసరికి వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. నేను వంటింట్లో గ్లాసు కలిపి వదిన చేతికి ఇచ్చి తలుపు వెనక నిలబడ్డాను. మగవాళ్ల మధ్యకు వెళ్లి ఇవ్వడం నా వల్ల కాదు. వదిన తీసుకెళ్లి తమ్ముడి ముందు పెట్టింది. అన్న వంగి చూశాడు.

"గిదేంది బామ్మర్దీ, ఎర్రగున్నది?"

"బీరే బావా. నిషా లేనిది."

నలుగురూ నవ్వారు. నిషా లేకుంటే అది బీరెట్లయితదని ఒకాయన అడిగాడు. అన్న గ్లాసు అందుకుని అంచు మీద నుంచే గట్టిగా ఒక గుక్క తాగి, కారం తగిలి దగ్గాడు. మూతి తుడుచుకుని తిరిగి ఇచ్చేశాడు కానీ పిల్లల బంతి మాట ఎత్తలేదు. ఇంకా ఎత్తవచ్చు అనిపించింది నాకు.

ఆ ఇంట్లో మొదటి చుక్క చల్లేది అన్న వాళ్ల నాయిన, డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన వేలు ముంచి చల్లాడు. అన్న చల్లాడు, మిగతావాళ్లు చల్లారు. మా ఆయన అలవాటుగా వేలు ముంచి, ఆగిపోయాడు. ఇది దానికి పనికొస్తుందో లేదో ఆయనకూ తెలియదు. వేలు గ్లాసులోనే ఉంది. అందరూ ఆ వేలినే చూస్తున్నారు. ఇప్పుడు ఎవరైనా ఒక్క నవ్వు నవ్వితే ఆయన లేచి పిల్లల దగ్గరికి వెళ్లిపోతాడని నాకు తెలుసు.

పెద్దాయన తన గ్లాసు కింద పెట్టి అన్నాడు. "ఆగినవేందిరా? నేలకు నిషా ఎక్కాల్నని చల్లుతున్నమా మనం? చల్లు."

మా ఆయన చల్లాడు. మూడు ఎర్రటి చుక్కలు చాప పక్కన మట్టిలో పడ్డాయి. అన్న మోకాలు జరిపి చోటిచ్చాడు. కొంచెంసేపటికి, ఆ ఎర్రది తనకు కూడా ఒకటి కలపమని లోపలికి కబురు పంపాడు.

మర్నాడు కత్తెర వేశాక, పిల్లవాడి తలకు చందనం రాస్తుంటే, రాత్రి ఆ చేదు లాగిందా అని మా ఆయనను మెల్లగా అడిగాను. "జర గుంజింది. అంతల్నే కారం ఇటు గుంజింది" అన్నాడు. ఆ రాత్రి రెండో గ్లాసు అడగలేదు. నేను కూడా పోస్తానని అనలేదు.

ఇట్లాంటి గ్లాసు అందరికీ పనికొస్తుందని నేను చెప్పలేను. మా ఆయనకే వచ్చేసారి పనికొస్తుందో లేదో తెలియదు. మిగిలిన టిన్నులను ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టుకోలేదు, అక్కడే వదినకు ఇచ్చేశాం. కానీ ఆ సాయంత్రం తలుపు సందులోంచి చూస్తే చాప మీద ఒక్క చోటు కూడా ఖాళీగా లేదు. మీ ఇంట్లో కూడా మానేసినవాళ్ల కోసం ఈ పానీయం కలపాలనుకుంటే, ఉత్తగా తాగితే తియ్యగా ఉన్నదాన్ని తీసుకోకండి, లేత రంగుది, కొంచెం చేదుగా ఉన్నది తీసుకోండి. ముందు వైపు పెద్ద అక్షరాలు ఏం చెప్పినా, డబ్బా తిప్పి కింద 0.0 ఉందో 0.5 ఉందో చూశాకే డబ్బులివ్వండి.