మిరప చేలో కట్టిన చీర

కరోనా వచ్చిన ఏడాది, బస్సులన్నీ ఆగిపోయిన ఎండాకాలంలో, అమ్మ తోంగ్‌పాల్‌లో అక్క ఇంట్లో చిక్కుకుపోయింది. కోంటా దగ్గరి మా ఊరి నుంచి నాలుగు రోజులుండి వద్దామని పోయిన మనిషి. ఆయాసం ముదిరిందని, నన్ను చూడాలని కలవరిస్తోందని అక్క ఫోన్ చేసింది. సర్పంచి చీటీ రాసిచ్చాడు. పక్కింటివాళ్లు మోటారు సైకిలు ఇచ్చారు. కానీ మాస్కు లేకపోతే చెక్‌పోస్టు దాటనివ్వరు. ఊళ్లో దుకాణాలన్నీ మూత.

నా భార్య బట్టల పెట్టె బోర్లించింది. ఒక్కో గుడ్డా నా మూతికి అదిమి, ఎదురుగా అగ్గిపుల్ల వెలిగించి ఊదమనేది. పుల్ల ఆరితే ఆ గుడ్డ పనికిరాదన్నమాట. నా లుంగీకి టక్కున ఆరిపోయింది.

"ఇది లుంగీనా, జల్లెడనా? ఇన్నొద్దులు ఇది కట్టుకొనే బజార్ల తిరిగినవా?"

"గాలాడుతదని కట్టిన."

నైలాన్ చీరకు పుల్ల ఆరలేదు గానీ నేనే ఆరిపోబోయాను.

"నీ పెళ్లి చీర తియ్యరాదు? జరీ చూసి పోలీసోళ్లు దండం పెడతరు."

"మూతి మూసినా నీ నోరు ఆగదేందయ్యా?"

అడుగున అమ్మ పాత నూలు చీర దొరికింది. మెత్తన, దళసరి. రెండు మడతలు వేసి ఊదితే మంట వణకలేదు. ఏటా గోదావరి అవతలికి మిరపకాయ ఏరడానికి పోయినప్పుడు అమ్మ కట్టే చీర అది. ఆ కొంగే మూతికి చుట్టుకుని కల్లంలో రోజంతా కూర్చునేది. ఉతికి దాచిందే కదా అని మళ్లీ నీళ్లలో ముంచలేదు. నా భార్య చేత్తోనే కుట్టి, పాత లంగా బొందులు తగిలించింది. పెట్టుకోగానే ముక్కు చురుక్కుమంది. అమ్మ మీద బెంగ అనుకున్నాను.

ఎండలో చెమటకు గుడ్డ తడిసింది. అందులో ఇంకిన ఘాటంతా ఒక్కసారిగా లేచింది. చెక్‌పోస్టు దగ్గర ఆగేసరికి తుమ్ములు, దగ్గు, కళ్లు చింతనిప్పులు.

"ఖాంసీ హై క్యా?" అని, దగ్గుందా అన్నట్టు చూసి సిపాయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నై సాబ్, మిర్చీ హై."

అతను నవ్వలేదు. పద్నాలుగు రోజులు ఉండాలంటూ రోడ్డు పక్క బడిలో పెట్టారు. ఐదో తరగతిలో గోడ దూకి మళ్లీ పోనివాడిని. అన్ని రోజులు వరసగా నేను బడిలో ఉండడం అదే మొదలు.

బడి నుంచి ఫోన్ చేస్తే అక్క ఫోను అమ్మ చెవికి ఆనించింది.

"నీ చీరే నన్ను పట్టించిందే అమ్మా. మిరపకాయ దగ్గును రోగమనుకొని బడిలేసిండ్రు."

"నీ పరాచకాలు పాడుగాను, జల్ది రా" అని ఆయాసంలోనే నవ్వింది.

నవ్వింది కదా అని ఊరుకున్నాను. నిజమేనమ్మా అని మళ్లీ చెప్పలేదు. మర్నాటి నుంచి ఆమెకు ఫోనులో మాట్లాడే ఓపిక లేకపోయింది. నేను బడిలో ఉన్న ఆరో రోజున పోయింది.

బడి నుంచి వదిలాక తోంగ్‌పాల్ పోయాను. అక్క మంచినీళ్లిచ్చింది. తర్వాత చెప్పింది:

"నిన్ను బడిలేసిండ్రని నేనెంత చెప్పినా అమ్మ నమ్మలేదు తమ్మీ. 'వాడు ఉత్తగ ఆటపట్టిస్తుండు, వచ్చి గోడ చాటుకు నిలబడ్డడు, పోయి చూడు' అన్నది. రెండుసార్లు పోయి చూసిన."