బంగారు పళ్లకు బొట్టు

మా కంప్యూటర్ తన మెమరీలో సగాన్ని నాకు ఇవ్వకుండా దాచుకుందన్న కబురు నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ. మాలూరులో ఒక ఫ్యాక్టరీ స్టోరులో ఆమెది కంప్యూటర్ పని. రోజూ రైల్లో పోయి వస్తుంది. ఆ ఆదివారం భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, నన్ను కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది.

"వదినా, ఇంగ దీన్ని ముసలిదని తిట్టబాక. ఎనిమిది జీబీ ఉండాది. దాంట్లో నాలుగు హార్డ్‌వేర్ రిజర్వ్డ్ అని చూపిస్తా ఉండాది."

"అంటే ఏమి?"

"అంటే మిషన్ తన కోసమని పక్కన పెట్టేసినాది. ఉండాది గానీ నీ చేతికి ఇవ్వదు. నీ బీరువాలో పట్టుచీర మాదిరి."

నవ్వాను. లేదనుకున్నది ఉంది, అందడం లేదంతే. పొద్దుటి నుంచి దేవుడి ముందు కూర్చుని నేను అడిగినదానికి ఇదే జవాబేమో అనిపించింది.

మరునాడు పొద్దున నాకు ఒక పని కోసం పరీక్ష. బెంగళూరులో ఒక చిన్న సంస్థ చూపులేని పిల్లల కోసం తెలుగు పాఠాలు రికార్డు చేస్తుంది. చదివినవాళ్ల దగ్గులు, తడబాట్లు, వెనక కుక్క అరుపులు తీసేసి ఆ గొంతును శుభ్రం చేసి ఇవ్వాలి. ఇంట్లో కూర్చుని చేసే పని. అన్నిటికంటే గొప్ప సంగతి, వాళ్లు సర్టిఫికెట్ అడగలేదు. చిన్నప్పుడు కాలి జబ్బుతో నేను బడికి పోలేదు. మా పుట్టినూరు కామసముద్రంలో మా అమ్మే రాగులు చెరుగుతూ, ఆవు పాలు పిండుతూ నాకు చదువు చెప్పింది. చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితమూ లేదు. చెవి మాత్రం దేవుడు మంచిది ఇచ్చాడు. చెవిని నమ్మి పని ఇచ్చేవాళ్లు దొరకడం అదే మొదలు. కానీ వాళ్లు పంపిన ప్రోగ్రాం నడవాలంటే కనీసం ఆరు జీబీ ఉండాలి. ఆ ఆదివారం పొద్దున తెరిచి చూస్తే మెమరీ చాలదని చెప్పి మూసుకుపోయింది.

ఆడబిడ్డ ముందు సెట్టింగుల్లోకి వెళ్లింది. మెమరీ ఇంతకు మించి వాడొద్దని ఎవరైనా హద్దు పెట్టి ఉంటే అక్కడ టిక్కు కనిపిస్తుందట. టిక్కు లేదు. ఆపి మళ్లీ ఆన్ చేసింది. అదే నాలుగు.

"ఎప్పట్నించి నిదానమైంది?" అని అడిగింది.

"దసరా పండగైనప్పట్నించే."

"సైనైడ్ దిబ్బ దుమ్ము పడుంటుంది లోపల. కోరమండల్‌లో గాలి తిరిగితే మన అన్నంలో కూడా అదే కదా."

మా కోరమండల్ పేటను ఆనుకుని, బంగారం తీసేశాక గని వదిలేసిన మట్టి గుట్టలవి. ఆడబిడ్డ కరెంటు తీసేసి, పక్క రేకు మరలు విప్పింది. రేకు తీసి ఇద్దరం లోపలికి చూశాం. దుమ్ము లేదు. ఎవరో గుడ్డ పెట్టి నిగనిగలాడేలా తుడిచారు. ఫ్యాన్ నడుమ గంధం, దాని మీద కుంకుమ. కరెంటు పెట్టె మీద ఒక బొట్టు. మెమరీ పట్టీలు రెండింటికీ చెరొక బొట్టు.

"నాయనా, ఒకసారి ఇట్ల రా," అంది ఆడబిడ్డ, తల తిప్పకుండానే.

మా మామ వరండాలోంచి దగ్గుకుంటూ వచ్చారు. గని మూతపడేదాకా అందులో ఫిట్టరుగా చేసినవారు. లోపలి దుమ్ము ఇంకా ఆయన ఊపిరిలో ఉంది.

"ఆయుధపూజకు దీన్ని విప్పింది నువ్వేనా?"

"నేను గాక ఇంగెవురు?"

"బయట పెట్టేదానికి చోటు లేదా నీకు?"

"బయట పెట్టేది చూసేవాళ్లకమ్మా. లోపల పెట్టేది మిషన్‌కు. గనిలో పంపు మూత తీసి, తుడిచి, లోపల బొట్టు పెట్టి, మళ్లీ మూసేది. మూసినాక ఎవురికీ కనపడదు. అదే పూజ."

ఆడబిడ్డ ఒక పట్టీని ఊడదీసింది. దాని అంచున వరసగా సన్నని బంగారు పళ్లలాంటివి ఉన్నాయి. అవే లోపలి గాడిలో ఆని పనిచేయాలి. సరిగ్గా వాటి మీద కూడా గంధం ఎండి పొలుసులు కట్టింది.

"దీన్ని పీకి మరీ పెట్టినావే. ఇక్కడ్నే ఎందుకు పెట్టినావు?"

మామ నా వైపు చూసి అన్నారు. "అన్నేండ్లు గనిలో దిగినానమ్మా. కంటికి కనపడేది అంతా రాయే. బంగారం యాడ పోతా ఉండాదో మాకు తెలీదు. తుడస్తా ఉంటే ఇది బయటికొచ్చేసినాది, చూస్తే బంగారం. నా కోడలి బతుకుతెరువులో బంగారం ఉంటే బొట్టు పెట్టకుండా ఎట్ల మూసేది?"

నేను తల వంచుకున్నాను. పరీక్ష సంగతి పండక్కి ముందే ఆయనకు చెప్పాను. ఊరికే విన్నారనుకున్నాను.

పెట్టిన కుంకుమను తుడవాలంటే నా చెయ్యి రాలేదు. మామే దారి చెప్పారు. "పూజ ఐపోయినాదమ్మా. ఇంగ ఇది నిర్మాల్యం. తీసెయ్యొచ్చు." నేను కింద ఒక తమలపాకు పట్టుకుంటే, ఆడబిడ్డ పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లను మెల్లగా రుద్దింది. గంధపు పొడి ఆకులో రాలింది. గాడిలోకి పోయినదాన్ని మెత్తటి కుంచెతో తీశాం. పట్టీని నిలువుగా పెట్టి నొక్కితే రెండు వైపులా చిటుక్కుమంది.

"ఈ శబ్దం వచ్చిందా నాయనా నువ్వు పెట్టినప్పుడు?"

"ఒగ పక్కే వచ్చినాది. నాకు చెవుడనుకున్నా."

రేకు మూయకుండానే ఆన్ చేశాం. తెర వెలిగేంతవరకు ముగ్గురిలో ఎవరమూ కూర్చోలేదు. ఆడబిడ్డ చూపించింది: వాడుకోవడానికి ఎనిమిదికి చాలా దగ్గర. రిజర్వ్డ్ దగ్గర నాలుగు పోయి చెప్పుకోదగ్గదేమీ మిగల్లేదు. ప్రోగ్రాం తెరిచాను. ఈసారి మూసుకోలేదు. ఒక అమ్మాయి గొంతు మొదలైంది, ఏదో వానల గురించిన పాఠం, మధ్యలో దగ్గు. అంత ముద్దొచ్చిన దగ్గు నేను ఎన్నడూ వినలేదు. నేను వింటూనే ఉండిపోతే ఆడబిడ్డ నా వేళ్ల మీద వేళ్లు పెట్టి మౌస్ పట్టించింది. మామ ఆ తమలపాకును తులసి మొదట్లో పెట్టడానికి వెళ్లారు.

మరునాడు పరీక్ష పూర్తి చేశాను. ఆ వారంలోనే పని ఇచ్చారు. ఇప్పుడు నా చెవుల్లోంచి రోజూ ఎంతోమంది గొంతులు నడిచిపోతాయి. అందరి దగ్గులూ తీసేస్తాను. వరండాలోంచి వచ్చే దగ్గు ఒక్కటే నా చేతిలో లేదు. ఈమధ్య అది ఎక్కువైంది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. వచ్చే ఆయుధపూజకు మీ పనిముట్టు తుడిచి, బొట్టు బయటే పెట్టండి. పెట్టేటప్పుడు, ఎవరికీ కనపడనిచోట పెట్టిన మా మామను ఒక్కసారి తలచుకోండి. ఆయన ఊపిరి తేలిక కావాలని.