చూరులో గ్లాసు

నా చిన్నప్పుడు మా పేటలో ఎమ్మెస్సీ చదివిన మనిషి మా మేనత్త ఒక్కతే. అమలాపురంలో కెమిస్ట్రీ లెక్చరర్. కాలవ అవతల కొబ్బరితోటల ఆసామి గారబ్బాయి బీఎస్సీలో ఆర్గానిక్ పేపరు తప్పితే, పాఠం చెప్పమని వాళ్ళే కబురు పంపి బతిమాలారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. పాఠం వాళ్ళ అరుగు మీదే. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

టీ వేళకి ఆ ఇంటావిడ చూరులోంచి రెండు గాజుగ్లాసులు తీసి, ఎత్తునుంచి పోసేవారు. తాగాక మేమే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. "ఏమీ అనుకోకండమ్మా, మా అత్తగారి నాటి నుంచీ ఇంతేనండి. మా చేతిలో ఏముందండీ" అనేవారు ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండేది. నోరెత్తకుండా తాగి, కడిగి పెట్టే అత్త మీదా కోపం వచ్చేది.

ఒకరోజు ఆ అబ్బాయి సెలెక్టివ్, స్పెసిఫిక్ అన్న మాటల దగ్గర చిక్కుకున్నాడు. రెండు పదార్థాలు రాగలిగిన చోట ఎక్కువగా ఒకటే వస్తే ఆ చర్య సెలెక్టివ్ అని అత్త చెప్పింది.

"నూటికి నూరుపాళ్ళూ ఒకటే వచ్చిందనుకోండి మేడమ్, అప్పుడు స్పెసిఫిక్కే కదండి?" అన్నాడతను.

"కాదు బాబూ. ఎంత వచ్చిందని కాదు చూడాల్సింది. చర్య జరిగే తీరే రెండోదానికి వీలివ్వకపోతే స్పెసిఫిక్. వీలుండి కూడా ప్రతిసారీ ఒకటే వస్తుంటే, అది సెలెక్టివే."

"ఆయ్" అన్నాడు. ఇంతలో టీ వచ్చింది. అత్త ముట్టుకోలేదు. గ్లాసు చూపించి, "ఇది ఏ రకం బాబూ, చెప్పండి" అంది.

అతను తల్లి మొహం చూశాడు, నేల చూశాడు. "స్పెసిఫిక్కండి. మా ఇళ్ళల్లో ఇంకోలా కుదరదు కదండి."

అత్త కిటికీలోంచి లోపలి అలమర కేసి చూసింది. స్టీలు గ్లాసులు బారులు తీరి ఉన్నాయి. "తప్పు చెప్పేరు బాబూ" అని లేచింది. మళ్ళీ ఆ అరుగు ఎక్కలేదు. అతను పాసయ్యాడు, లెక్చరరూ అయ్యాడు. ఆ ఇంటి నుంచి అత్తకి ఒక్క పలకరింపు కూడా రాలేదు.

మొన్న కాకినాడలో మా మనవరాలికి అద్దెకి కుదిరిన ఇల్లు, మేమెవరమో తెలిశాక కుదరకుండా పోయింది. "నాకేం లేదండి, బిల్డింగ్ రూలు అలా ఉంది" అన్నాడు ఓనరు. "ఆ రూలు పెట్టిందెవరండీ?" అన్నాను. ఫోను పెట్టేశాడు. ఈ వయసులో నీకెందుకంటారు మావాళ్ళు. ఇల్లు రాదని తెలిసే అడుగుతాను. ఇవ్వకపోతే పోయారు, ఇవ్వకూడదని తామే అనుకున్నామని ఒక్కరైనా నోరు తెరిచి చెప్పాలి. ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.