మధ్యలో ఆగని గోళీ

ఆ ఆటకు నియమం ఒక్కటే. ఫోను తెర మీది గోళీని వేలితో ఒక దిక్కుకు తోస్తే, ఏదో ఒకటి అడ్డు తగిలేదాకా అది ఆగదు. గళ్ల పలక మధ్యలో ఉన్న పసుపు చుక్క మీద ఎర్రగోళీ ఆగాలి. మీదుగా దాటిపోతే లెక్కలోకి రాదు.

దాన్ని తయారుచేసినామెకు నలభై ఆరేళ్లు. రెండు గదుల కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పెద్దవాళ్లకు టైపింగ్, ఉత్తరాలు రాయడం, పట్టికలు వేయడం నేర్పుతుంది. అందరికీ ఆమె టీచరమ్మ. తరగతి తొమ్మిదింటికైతే ఎనిమిదింటికే వచ్చి తాళం తీస్తుంది. పన్నెండు కుర్చీలు, పన్నెండు నల్లటి తెరలు, వాటన్నిటిలోనూ తన ముఖమే. ఆ గంటల్లోనే ఆట తయారైంది.

మొదట ఆడింది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి.

"ఇదేంటి మేడమ్, బ్రేకుల్లేని బండిలా పోతోంది? ఆపుదామంటే ఆగదే!"

"ఒక్కటే ఉంటే ఆగదమ్మా. నీలం గోళీ ఉంది చూడు, దాన్ని ఆనుకుని ఆగుతుంది."

"మా ఆయనా అంతే మేడమ్. ఆఫీసు నుంచి వచ్చాడంటే సోఫా తగిలేదాకా ఆగడు."

టీచరమ్మ నవ్వింది గానీ, ఆ నియమం ఎక్కడిదో చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్లింటి వరండా పొడుగ్గా, నున్నగా ఉండేది. అమ్మ సబ్బునీళ్లతో కడిగినప్పుడల్లా అక్కాతమ్ముళ్లు జర్రున జారేవాళ్లు. తమ్ముడు మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి స్తంభంలా నిలబడేవాడు. ఆమె వచ్చి వాడికి తగిలి ఆగేది. వాడు లేని రోజున నేరుగా గోడే.

ఆ తమ్ముడు ఆమెతో మాట్లాడి నాలుగేళ్లయింది. అమ్మ పోయాక అమ్మ కుట్టుమిషన్‌ను అక్క తనతో మాటమాత్రం చెప్పకుండా ఎవరికో ఇచ్చేసిందని వాడి కోపం. మాటా మాటా పెరిగింది. ఫోను పెట్టేశాడు, మళ్లీ ఎత్తలేదు. తప్పయిందని రాయడానికి ఆమె ఎన్నోసార్లు కూర్చుంది. ఊరందరికీ ఉత్తరాలు నేర్పే మనిషికి మొదటి వాక్యం దొరకలేదు. దానికి బదులు ఆట పంపింది. చిక్కుముడి కనబడితే, అది విప్పేదాకా వాడికి అన్నం సహించదని ఆమెకు తెలుసు.

ప్రతి ఆదివారం పొద్దున వాడొక్కడికే ఒక కొత్త పలక. సాయంత్రానికి ఆమె ఫోనులో ఒక వరుస వెలిగేది: 'ఒకరు పూర్తి చేశారు.' అంతే. మూసిన తలుపు వెనక ఎవరో నడుస్తున్న చప్పుడులా, పదకొండు ఆదివారాలు.

పన్నెండో పలక మీద ఆశంతా పెట్టుకుంది. అందులో మొదటిసారిగా నీలం గోళీ కూడా కదులుతుంది. ముందు దాన్ని పసుపు చుక్క పక్కకు తెచ్చి నిలబెట్టాలి. తరవాత ఎర్రది జారివచ్చి దానికి తగిలి చుక్క మీద ఆగాలి. వరండా గుర్తొస్తే వాడు ఒక్కమాటైనా అనకపోతాడా! మరీ తేలికగా ఉందనిపించి, పంపే ముందు పలకలోంచి ఒక గోడముక్క తీసేసింది. 'మళ్లీ మొదలు' నొక్కి ఎర్రగోళీని తోసి చూసింది. కుదిరింది. ఆమె ఫోనులోనే రిసెప్షన్ అమ్మాయీ ఆడింది. కుదిరింది.

ఆ సాయంత్రం వరుస వెలగలేదు. సోమవారమూ లేదు. తరగతిలో ఒక పెద్దాయన పట్టిక మాయమైందని రెండుసార్లు పిలిచినా ఆమెకు వినబడలేదు. వాడికి విసుగొచ్చింది, ఇక ఆ చప్పుడు కూడా ఉండదు అనుకుంది.

గురువారం, పాఠం మధ్యలో ఫోను మోగింది.

"ఇది తొండి," అన్నాడు తమ్ముడు.

ఆమె నడవలోకి వచ్చి గోడకానుకుంది. "ఏదిరా?"

"ఏదేంటి? పన్నెండోది! కాగితం మీద గళ్లు గీసి మరీ చూశా. నీలం గోళీ మూలలోంచి బయల్దేరి అంచుల వెంట తిరుగుతుందే గానీ, చచ్చినా చుక్క పక్కకు రాదు. అక్కడ దాన్ని ఆపడానికి ఏముందని?"

"మూలలోంచేంటి? నా దాంట్లో చుక్క పక్కనే ఉందిగా..."

అంటూండగానే అర్థమైంది. 'మళ్లీ మొదలు' నొక్కితే ఎర్రగోళీ ఒక్కటే వెనక్కు వెళ్తోంది. గోడముక్క ఉన్నప్పుడు ఆమె నిలబెట్టిన నీలం గోళీ, ఆమె ఫోనులో ఇంకా అక్కడే నిలబడి ఉంది. నీలం గోళీ కదలని పాత పలకల్లో ఆ తప్పు బయటపడే వీలే లేదు.

"ఒక గోడముక్క తీసేశాన్రా," అంది.

"తీసేస్తావులే. ఎవర్నన్నా అడిగి చేశావా ఎప్పుడైనా?"

"లేదురా. అడగాల్సింది." ఊపిరి తీసుకుంది. "మిషన్ కూడా."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు.

"ఎప్పటికి సరిచేస్తావు?" అన్నాడు చివరికి.

"ఆదివారానికి."

"అమ్మో, మూడు రోజులా!"

"పెద్ద తప్పేరా."

"సరే," అని పెట్టేశాడు.

తరగతి అయ్యి అందరూ వెళ్లాక ఆమె గోడముక్కను దాని చోట పెట్టింది. నీలం గోళీ కూడా వెనక్కు వెళ్లేలా దిద్దింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పంపితే సాయంత్రానికల్లా పూర్తి చేసేస్తాడు, మళ్లీ ఆ ఒక్క వరుసే. పంపనంతసేపూ అటువైపు ఒక మనిషి తన కోసం చూస్తూ ఉంటాడు.

ఫోను బల్లమీద బోర్లించింది. పన్నెండు కుర్చీలనూ ఒక్కొక్కటిగా లోపలికి తోసింది. ప్రతి కుర్చీ బల్లకు తగిలి ఆగింది.