ఎడమవైపు వెనక చక్రం చప్పుడు

మా ఆయనది కమాన్ల పని. కార్లకి వెనక చక్రాల దగ్గర బరువు మోయడానికి విల్లులా వంచిన ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి కట్టి ఉంటాయి. వాటినే కమాన్లంటారు. కొత్త కార్లలో ఈ సరంజామా ఉండదట. పాత బండ్లున్నవాళ్లు మాత్రం పట్టీ విరిగినా, వెనక చప్పుడొచ్చినా, బండి ఓ పక్కకి ఒరిగినా మా ఇంటి ముందున్న షెడ్డుకే వస్తారు. వంటింటి కిటికీలోంచి షెడ్డంతా కనిపిస్తుంది. కాపురానికొచ్చినప్పటి నుంచి ఆయన మొహం కంటే బండి కింద నుంచి బయటికి చాపిన ఆయన కాళ్లనే నేనెక్కువ చూశాను. ఆ కాళ్లని బట్టే పని సాగుతోందో, మొరాయిస్తోందో చెప్పేస్తాను.

ఆయనకో పద్ధతి ఉంది. వెనక ఎత్తు చూడాలంటే ఖాళీ బండిని కొలవరు. "బండి ఖాళీగా తిరగడానికి పుట్టిందా? అందులో రోజూ కూర్చునేవాళ్లని పిలుచుకురండి" అంటారు. వాళ్లని వాళ్ల వాళ్ల చోట్లలో కూర్చోబెట్టి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కర్ర నిలబెట్టి, దాని మీద సుద్దముక్కతో గీత పెడతారు. రెండోవైపూ అంతే. రెండు గీతలూ కలిస్తే బండి సరిగ్గా ఉన్నట్టు.

ఓసారి ఒకాయన మొహమాటపడ్డాడు. "వెనక కూర్చునేది మా అత్తగారండీ. ఆవిడ బరువెంతో అడిగితే నన్ను ఇంట్లో ఉండనివ్వదు."

"నాకు లెక్క వద్దు బాబూ, మనిషి కావాలి" అన్నారు ఈయన. ఆవిడ వచ్చి దర్జాగా కూర్చుని కొలిపించుకుని, వెళ్తూ వెళ్తూ, "చూశావా, నేను లేకపోతే నీ బండికి కొలతే లేదు" అని అల్లుడికి చురక పెట్టి మరీ వెళ్లింది.

మాకూ ఓ పాత కారుంది. ముందు మేమిద్దరం, వెనక మా మరిది. మనిషి భారీ కాయం. చిన్నప్పటి నుంచీ అందరూ గున్న అనే పిలిచేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. మాకూ పిల్లల్లేరు. ఒక మోకాలు వంగదు కాబట్టి వెనక సీట్లో ఎడమ పక్క కూలబడి, ఆ కాలు అడ్డంగా చాపుకునేవాడు. అతనెక్కగానే బండి అటు కుంగేది. "చూడు వదినా, నేనొస్తే కారు కూడా వంగి దణ్ణం పెడుతుంది" అనేవాడు.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ దణ్ణం మరీ ఎక్కువైంది. పక్క షెడ్డు పెయింటరు ఊరుకునే రకం కాదు. "ఏం మేస్త్రీ, ఊరందరి బండ్లూ నిలబెడతావు, నీది మాత్రం కుంటుతోందేం?" అన్నాడు, గున్న వింటూండగానే. ఆ వారంలోనే మా ఆయన ఎడమవైపు కమానుకి ఒక పట్టీ అదనంగా ఎక్కించారు. తమ్ముడితో మాత్రం పాత పట్టీ విరిగితే మార్చానని చెప్పారు.

గున్న నమ్మలేదు. వంటింట్లోకొచ్చి నా చెవిలో, "అన్నయ్య నాకోసం పట్టీ ఎక్కించాడు వదినా. నాకు తెలీదనుకుంటున్నాడు. నువ్వూ తెలీనట్టే ఉండు" అన్నాడు. అన్నదమ్ములిద్దరి మధ్యా నేను ఏమీ తెలియనిదానిలా నెట్టుకొచ్చాను.

పోయిన ఏడాది గున్న నిద్రలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో మాట అనేది లేకుండా పోయింది. ఆ మాటలన్నీ గున్నవేనని అప్పుడర్థమైంది నాకు. అతను నన్ను ఆటపట్టించేవాడు, ఈయన అతన్ని కసిరేవారు, నేను ఇద్దర్నీ తిట్టేదాన్ని. ఆ మధ్యలో మనిషి లేకపోయేసరికి మాకు ఒకరితో ఒకరికి ఏం మాట్లాడాలో తెలియలేదు. "భోజనం పెట్టనా?" "పెట్టు." అంతే. తెల్లారి లేస్తే ఆయన షెడ్డులో, నేను కిటికీ దగ్గర.

కారులో చప్పుడు మొదలైంది కూడా అప్పుడే. రోడ్డు మీద గతుకొచ్చినా, స్పీడు బ్రేకరు దిగినా, ఎడమ వెనక చక్రం దగ్గర టక్‌మని ఎవరో సుత్తితో కొట్టినట్టు వినిపించేది. ఆయన విని, "బుష్ పోయుంటుంది" అన్నారు. కమాను చివర్లో ఉండే రబ్బరు బుష్‌లు కొత్తవి వేశారు. మళ్లీ టక్. కమానుని ఇరుసుకి పట్టి ఉంచే బోల్టులు విప్పి మళ్లీ బిగించారు. టక్. కుదుపు ఆపే షాక్ అబ్జార్బరే మార్చేశారు. అయినా టక్.

షెడ్డులో మాత్రం ఏ చప్పుడూ ఉండేది కాదు. కొలత తీసేటప్పుడు గున్న కూర్చునేచోట రెండు ఇసక బస్తాలు పెట్టేవారు. కర్ర పెట్టి చూస్తే రెండువైపులా గీతలు కలిసేవి. వెనక డిక్కీ మీద చేతులు వేసి గట్టిగా ఊపితే బండి మెత్తగా లేచి పడేది, కిమ్మనేది కాదు. ఇసక రాలి సీటు పాడవుతుందని బస్తాలు దించేసి రోడ్డెక్కేవారు. ఎక్కగానే టక్.

పెయింటరు గుమ్మం దగ్గర నిలబడి, "మేస్త్రీ, నీ బండి కుడి పక్కకి ఒరిగినట్టుందే?" అన్నాడు.

"బండి ఒరగలేదు, నీ కళ్లు ఒరిగాయి. ఇప్పుడే కొలిచాను."

"నాకెందుకులే. నీ బండే నీ మాట వినట్లేదు, నా మాటేం వింటుంది!"

అతను ఎగతాళికే అన్నాడు. ఈయనకి అది ఎక్కడో తగిలింది. ఆ రోజు భోజనం దగ్గర తల దించుకునే, "నా చెవి పోయింది" అన్నారు.

"బాగానే వినిపిస్తోందిగా మీకు?"

"వినిపిస్తే చాలదు. ఎక్కణ్ణుంచో తెలియాలి. సొంత బండిలో చప్పుడు పట్టుకోలేనివాణ్ణి, ఇంకొకళ్ల బండి ఎలా ముట్టుకోను? పెయింటరు ఎప్పటి నుంచో చోటు చాలట్లేదంటున్నాడు. షెడ్డు అతనికి ఇచ్చేస్తాను."

షెడ్డే లేకపోతే ఈయన రోజంతా ఎక్కడుంటారు? గున్న గదిలో, ఆ మంచం మీద, గోడకేసి చూస్తూ. నేను కిటికీలోంచి ఏం చూడను? మర్నాటికల్లా వచ్చిన బండ్లని తిప్పి పంపడం మొదలుపెట్టారు. పెయింటరు రంగు డబ్బాలు కొన్ని తెచ్చి మా షెడ్డు మూలన పెట్టుకున్నాడు కూడా.

ఆ వారం సరుకులకని బయల్దేరాం. పొద్దున మళ్లీ కొలిచారేమో, బస్తాలు దించడం మర్చిపోయారు. దారి పొడుగునా టక్ లేదు. ఈయన స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశారు. ఎన్నాళ్లయిందో ఆ తాళం విని. "పోయిందే!" అన్నారు నాకేసి తిరిగి. ఇంటికొచ్చి బస్తాలు చూసుకుని, అయ్యో సీటు, అనుకుంటూ దించేశారు. మర్నాడు ఒక్కరే వెళ్లొచ్చారు. తలుపు వేసిన తీరుకే తెలిసిపోయింది, చప్పుడు మళ్లీ వచ్చిందని.

నేను స్టవ్ దగ్గర నిలబడి ఆలోచించాను. బస్తాలుంటే లేదు, దించితే ఉంది. నాకే అందిన సంగతి, ఈ పనిలోనే తల నెరిసిన మనిషికి అందదా? ఆయన చేతికి తెలిసే ఉంటుంది. మనసు ఒప్పుకోవడం లేదంతే.

టీ తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. మళ్లీ బస్తాలు మోసి సీట్లో పెడుతున్నారు.

"ఏమండీ, అవెందుకు?"

"కొలవడానికి. మోసే బరువుతోనేగా కొలవాలి."

"ఎవరు కూర్చుంటారని?"

ఆయన నావైపు చూశారు. బస్తా సగం చేతుల్లో, సగం సీటు మీద ఉంది. కసురుతారేమో అనుకున్నాను. కసరలేదు. బస్తా వదిలేసి, టైరు మీద కూర్చుని, చేతులకంటిన ఇసక దులుపుకుంటూనే ఉన్నారు, ఇసకంతా పోయాక కూడా. టీ చల్లారిపోయింది. నేనూ లోపలికి వెళ్లలేదు.

"ఖాళీగా ఉంటే అటుపక్క లేచి ఉంటుంది. షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగిపోయి ఉంటుంది. గతుకులో చక్రం కిందికి దిగితే ఇంక సాగలేక కొట్టుకుంటుంది. అదే చప్పుడు" అన్నారు. ఎవరికో పాఠం చెప్తున్నట్టు. తర్వాత గొంతు మారింది. "వాడి పట్టీ."

"వాడికి తెలుసండీ" అన్నాను. "మీరు చెప్పిన అబద్ధం ఒక్కరోజు కూడా నిలబడలేదు. మీకు చెప్పొద్దన్నాడు."

"దొంగవెధవ" అన్నారు. నవ్వబోయారు. ఆ నవ్వు ఏడుపులోకి దిగింది. గున్న పోయాక ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. పక్కన కూర్చున్నాను. ఆ టైరు ఇద్దరికి చాలదు, సగం నేల మీదే ఉన్నాను.

తర్వాత బస్తాలు రెండూ ఆయనే దించారు. "ఎక్కు" అన్నారు. నేను వెనక తలుపు తీయబోయాను.

"అక్కడ కాదు. నువ్వు కూర్చునేచోట."

ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఖాళీగా ఉంచి ఆయన కర్ర పెట్టి గీత గీశారు. అటువైపూ గీశారు. వేలెడు తేడా. నన్ను దింపి, జాకీ పెట్టి కిందికి దూరారు. కాళ్లు బయటికొచ్చాయి. ఈసారి కిటికీలోంచి కాక పక్కనే నిలబడి చూశాను. బోల్టులు వదులయ్యాక పట్టీ బయటికొచ్చింది. దాన్ని గుడ్డతో తుడిచి, గోడవార మిగతా పట్టీల పక్కన పెట్టారు. తిరిగి బిగించి నన్ను మళ్లీ కూర్చోబెట్టి కొలిచారు. గీతలు కలిశాయి.

రోడ్డెక్కాం. మొదటి స్పీడు బ్రేకరు వచ్చింది. దిగింది. ఏమీ లేదు. ఆయన బండి తిప్పి మళ్లీ దాని మీంచే పోనిచ్చారు. ఏమీ లేదు. వెనక్కి ఇద్దరం చూడలేదు. బండిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. ఆ టక్‌మనేదే ఉంటే బాగుండును అనిపించింది ఒక క్షణం.

"విన్నావా?" అన్నారు ఆయన.

"లేదండీ. పోయింది."

"అది కాదు. నీ తలుపులో అద్దం కొట్టుకుంటోంది. కింద రబ్బరు ఊడింది."

చెవి ఒగ్గి విన్నాను. నాకేమీ వినిపించలేదు.

"మీకు వినిపిస్తోందా?"

"నీ మోచేతికి జానెడు కింద, వెనకవైపు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి పెయింటరు షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. "మేస్త్రీ, మిగతా డబ్బాలు కూడా తెచ్చేసుకోనా?"

"ఆ మూలన పెట్టినవి కూడా తీసుకుపో" అన్నారు ఈయన, నా తలుపు విప్పడానికి స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ. "నాకు అద్దం పనుంది."